తప్పిన స్వరాలు, తప్పని కాలప్రమాణం

బెథోవెన్ రాసిన పియానో సొనాటాలు 32. వాటన్నిటినీ మొట్టమొదట రికార్డుకెక్కించినవాడు ఆర్టూర్ ష్నాబెల్. 1932 జనవరిలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో మొదలుపెట్టి 1935లో ముగించాడు. తొంభై ఏళ్లు దాటినా ఆ రికార్డులు కొత్త కొత్త సెట్లుగా వస్తూనే ఉన్నాయి. మెచ్చుకునేవాళ్లు మాత్రం చాలామంది ఒకే మాట అంటారు: వేళ్లు అక్కడక్కడ తడబడ్డాయి గానీ, ఎంత లోతైన వాయింపు! ఆ ‘గానీ’తోనే నాకు పేచీ. తడబాటును ఖర్చు కింద, లోతును జమ కింద రాసుకుని, మొత్తమ్మీద లాభమేనని తేల్చడం కిరాణా కొట్టు లెక్క. ష్నాబెల్ పొరపాట్లూ ఆయన గొప్పతనమూ ఒకే నిర్ణయంలోంచి పుట్టాయి. ఆ నిర్ణయానికి మన సంగీత విద్వాంసుల దగ్గర సరైన పేరే ఉంది: కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం.

ష్నాబెల్ 1882లో పుట్టాడు. వియన్నాలో లెషెటిట్‌స్కీ దగ్గర నేర్చుకున్నాడు. నువ్వు పియానిస్టువి కాలేవు, సంగీతజ్ఞుడివని గురువే అన్నట్టు చెబుతారు. బెథోవెన్ శతవర్ధంతి ఏడాది 1927లో బెర్లిన్ కచేరీల్లో 32 సొనాటాలూ వాయించి చూపించాడు. రికార్డింగ్‌కి మాత్రం చాలాకాలం ససేమిరా అన్నాడు. ఒకసారి వాయించింది మళ్లీ అలాగే రాదు, రాకూడదు, దాన్ని ప్లేటు మీద బిగించడమేమిటన్నది ఆయన అభ్యంతరం. చివరికి ఒప్పించింది హెచ్‌ఎంవీ రికార్డు కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట పట్టుకెళ్లింది కూడా ఈయనే. ఖరీదైన ఈ పనికి పెట్టుబడి ఎలాగంటే, ముందుగా చందాలు కట్టించుకుని ‘బెథోవెన్ సొనాటా సొసైటీ’ పేరుతో సంపుటాలు విడుదల చేశారు.

ఆ రోజుల్లో రికార్డింగ్ అంటే ఏమిటో తెలియకుండా తప్పుల గురించి మాట్లాడటం న్యాయం కాదు. 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక్కో వైపు నాలుగున్నర నిమిషాలకు మించి పట్టదు. వాయిస్తుండగా సూది మైనపు పలక మీద గీతలు గీస్తుంది. ఎలా వచ్చిందో విందామని ఆ పలకను ఒక్కసారి మోగిస్తే అది చెడిపోయినట్టే. మూడో నిమిషంలో ఒక వేలు పక్క మీట మీద పడితే ఆ ముక్కను కత్తిరించి అతికించే వీల్లేదు, మొత్తం మళ్లీ మొదటి నుంచి వాయించాలి. (ప్లేటుకు ముడిసరుకైన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది. మోదుగ, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కలోనే బెథోవెన్ కూడా అచ్చయ్యాడు.) మన విద్వాంసులు కృతిని మూడు నిమిషాలకు కుదించి ప్లేటులో పట్టించారు. ష్నాబెల్ కుదించలేదు. ఒక్కో భాగాన్ని ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య ప్లేటు మారినా నడక మారకుండా చూసుకున్నాడు.

ఇక అసలు సాక్ష్యం ఓపస్ 106, ‘హామర్‌క్లావియర్’. 32 సొనాటాల్లో బెథోవెన్ వేగం కొలిచే మెట్రొనోమ్ అంకెలు ఇచ్చింది దీనికొక్కదానికే. మొదటి భాగానికి ఆవర్తానికి రెండు దెబ్బల లెక్కన నిమిషానికి 138 దెబ్బలు. చాలామంది దీన్ని చూసీ చూడనట్టు పోతారు. బెథోవెన్ మెట్రొనోమే చెడిపోయి ఉంటుందనే వాదన కూడా ఉంది. ఉంటే ఉండవచ్చు, కానీ వాయించి చూడకుండా ఆ మాట అనే హక్కు ఎవరికి? ష్నాబెల్ ఆ వేగాన్ని అందుకోబోయాడు. కొన్నిచోట్ల స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొన్ని మింగేసినట్టయ్యాయి. చివరి ఫ్యూగ్‌లో అయితే గొంతులు కలగాపులగమే. దాన్ని విద్యార్థికి నమూనాగా ఇవ్వలేం. అయితే నిదానంగా, గంభీరంగా వాయించినప్పుడు రాజదర్బారులా తోచే మొదటి భాగం ఇక్కడ పరుగెత్తే మనిషి ఊపిరిలా వినిపిస్తుంది. అదే సొనాటాలోని నెమ్మది భాగం, అడాజియో దగ్గరికొచ్చేసరికి ఈయనే బెథోవెన్ అంకెను పక్కనపెట్టి చాలా నెమ్మదిస్తాడు. అంకెకు దాస్యం చేసే మనిషైతే అక్కడా చేసేవాడు. ఏ వేగంలో ఈ వాక్యం ఒక్క గుక్కలో పలుకుతుందన్నదే ఆయన చూసుకున్నది. 1920లలో ఆయనే పరిష్కరించి అచ్చేయించిన సొనాటాల ప్రతిలో ఇన్ని ఆవర్తాలు కలిస్తే ఒక వాక్యమని రోమన్ అంకెలు వేసుకుంటూ వెళ్లాడు. పుస్తకం ముందుంచుకుని వింటే ఆ వాక్యాలే చెవికి తగులుతాయి.

ఇప్పటివాళ్లు ఇంతకంటే శుభ్రంగా వాయిస్తున్నారు కదా అనవచ్చు. నిజమే. పియానిస్టు పొలీనీ 1970లలో ఇచ్చిన చివరి సొనాటాల రికార్డు ఒక్కటి చాలు ఆ మాట ఒప్పుకోవడానికి. అయితే 1940ల చివర్లో టేపు వచ్చాక మంచి ముక్కలేరి అతికించడం మామూలైంది. దాంతో శుభ్రత అన్నది వేళ్ల ఘనతా, కత్తెర ఘనతా అని విడదీసి చెప్పడం కష్టమైంది. ష్నాబెల్ రికార్డులో ఆ అనుమానానికి తావులేదు. నాలుగు నిమిషాలు వినిపిస్తే ఆ నాలుగు నిమిషాలూ ఆయన కూర్చుని వాయించినవే. మరికొందరు ఈ రికార్డుల్లో ప్రవాస విషాదం వెతుకుతారు. నాజీలు రాగానే 1933లో ఆయన బెర్లిన్ వదిలిన మాట, తల్లి టెరేజిన్‌శ్టట్ నిర్బంధంలో చనిపోయిన మాట వాస్తవం. కానీ రికార్డింగ్ అంతకు ముందే మొదలైంది, తల్లి మరణం 1942 నాటిది. ఆ దుఃఖాన్ని పట్టుకెళ్లి ఈ స్వరాలకు అంటగట్టడం రెండింటికీ అన్యాయం.

మిగిలింది గరగర. పద్యనాటకాల పాత ప్లేట్లు విన్న చెవులకు అదేం కొత్త కాదు. దాన్ని పూర్తిగా తుడిచేసిన సీడీల్లో పియానో పైస్థాయి మెరుపూ తుడిచిపెట్టుకుపోతుంది. కాస్త గరగర ఉంచిన కూర్పే మేలు. నాక్సోస్ కంపెనీ కోసం మార్క్ ఒబర్ట్-థార్న్ చేసినది వినవచ్చు. హామర్‌క్లావియర్‌తో మాత్రం మొదలుపెట్టకండి. చివరిదైన ఓపస్ 111 రెండో భాగం, అరియెట్టా తీసుకోండి. పదహారు ఆవర్తాల చిన్న పాట, దాదాపు గుసగుస. స్వరానికీ స్వరానికీ మధ్య సూది చప్పుడు వినపడుతుంటే, ఆ చప్పుడులోంచే తర్వాతి స్వరం తాపీగా లేస్తుంది. ఆ తర్వాత వచ్చే మార్పుల్లో స్వరాలు అంతకంతకూ చిక్కబడతాయి, కింద అసలు నడక మాత్రం కదలదు. అక్కడ ఒక్క వేలు జారినా మీకు పట్టదు. వినడానికి చట్టం అడ్డు కూడా లేదు: భారత చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు కాపీరైట్ 60 ఏళ్లే. ఆ లెక్కన ష్నాబెల్ వాయించిన 32 సొనాటాలూ ఎప్పుడో అందరి సొత్తయ్యాయి.