24 గంటలు చాలవు

తార్నాక నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. రోజూ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొస్తారట. పదేళ్లుగా తలకు డై వేస్తున్నా ఎన్నడూ ఏమీ కాలేదు. ఈమధ్య మాడు దురద పెడుతోందని 'అమ్మోనియా లేనిది' కొన్నారు. పెట్టె మీద చెప్పినట్టే చెవి వెనక చుక్క రాసుకుని 24 గంటలు ఆగారు. ఏమీ రాలేదు. తలకు పట్టించారు. రెండో రోజు రాత్రికి కనురెప్పలు ఉబ్బి కళ్లు మూసుకుపోయాయి. 'పరీక్ష పాసయ్యాను కదా, మరి ఇదేమిటి?' అని అడిగారు. ఈ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు.

అమ్మోనియా సంగతి ముందే తేల్చేద్దాం. అది వెంట్రుక పైపొలుసులను ఉబ్బించి రంగుకు దారి ఇస్తుంది. ఆ ఘాటు, కొంత మంట దానివే. అలర్జీ తెచ్చేది ఎక్కువగా పారా-ఫినైలీన్ డయమైన్, పొట్టిగా పి.పి.డి. ఐఐసీటీ లాంటి రసాయన సంస్థ ఉన్న తార్నాకలోనూ అమ్మోనియా లేదంటే అలర్జీ రాదనే అనుకుంటున్నాం!

పి.పి.డి. అణుభారం 108 మాత్రమే. 500 దాటిన అణువులకు చర్మంలోకి దూరడం కష్టం. దీనికి ఆ ఇబ్బంది లేదు. దీనికి సొంత రంగు కూడా లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని క్వినోన్ డైఇమైన్ అవుతుంది. ఇక అది జోడీ లేకుండా ఉండలేదు. వెంట్రుక లోపల రిసార్సినాల్ లాంటిది దొరికితే పట్టుకుని పెద్ద రంగు అణువుగా మారుతుంది. వచ్చిన దారిన బయటికి పోలేనంత పెద్దది! రంగు నెలల తరబడి నిలిచేది అందుకే. ఎంత చక్కటి ఏర్పాటు! కానీ చర్మంలోకి దిగిన అణువు జోడీ దొరక్క మన ప్రొటీన్లలోని గంధకానికి అతుక్కుంటుంది.

చిన్న అణువు ఒంటరిగా ఉంటే రోగనిరోధక వ్యవస్థ కంటికి ఆనదు. ప్రొటీన్‌కు అతుక్కోగల చిన్న రసాయనాలే చర్మానికి అలర్జీ నేర్పుతాయని 1935 ప్రాంతంలో లాండ్‌స్టైనర్, జేకబ్స్ గినీ పందుల మీద చూపారు. రక్తం గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనరే ఈయన. చర్మంలోని కాపలా కణాలు అలా అతుకుపడిన ప్రొటీన్‌ను దగ్గరి లింఫ్ గ్రంథికి మోసుకెళ్తాయి. అక్కడ టి కణాలు దాన్ని గుర్తుపెట్టుకోవడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. అప్పుడు మనకేమీ తెలియదు. అది రెండోసారి వేసుకున్నప్పుడు జరగొచ్చు, వందోసారీ జరగొచ్చు. పదేళ్లుగా పడిందన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

మళ్లీ తగిలినప్పుడు ఆ టి కణాలు చర్మం దాకా రావాలి, గుమిగూడాలి, తోటి కణాలను పిలవాలి. తేనెటీగ కుట్టినప్పటిలా నిమిషాల్లో అయ్యే పని కాదు. వాపు సాధారణంగా 48 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. మన పాఠకుడు చెవి వెనక చూసుకున్న సమయానికి ఆ కణాలింకా దారిలోనే ఉన్నాయి! మాడు కంటే ముందు కనురెప్పలు ఉబ్బడం కూడా వింత కాదు, ఒంట్లో అన్నిటికన్నా పలుచటి చర్మం అక్కడిదే.

పి.పి.డి. ఉన్న డై మీద స్థానిక భాషలో కూడా హెచ్చరిక ఉండాలని, వేసుకునే ప్రతిసారీ పరీక్షించుకోమని చెప్పాలని మన నియమాలున్నాయి. కనుబొమలకు, కనురెప్పలకు రాయవద్దనీ ఉంది. 1933లో అమెరికాలో రెప్పలకు వేసిన రంగు ఒకామె చూపునే తీసింది. ఇవన్నీ అవసరమే. ఆ 24 గంటల అంకె మాత్రం నాకు మింగుడుపడదు. దాన్ని ఎప్పుడో మార్చాల్సింది.

గోరింటాకు మేలు కదా అంటారు. నిజమే, ఆషాఢంలో అరచేత పండే దాని రంగు పదార్థం లాసోన్ చాలామందికి పడుతుంది. కానీ అది ఎర్రగానే పండుతుంది. నీలి ఆకు పొడి కలపకుండా 'నల్ల హెన్నా' అని అమ్మితే పి.పి.డి. ఉందేమోనని అనుమానించండి.

ఒకసారి ఉబ్బినవారు ఇంట్లో మళ్లీ పరీక్ష చేసుకోవద్దు. చర్మవైద్యులు వీపు మీద పట్టీ వేసి, రెండు రోజులకు తీసి, ఆ తర్వాత మరోసారి చూస్తారు. పి.పి.డి. అని తేలితే టొలుయీన్ డయమైన్ ఉన్న డైలు కూడా చాలామందికి పడవు. అది దీనికి తోబుట్టువు లాంటి అణువు. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఆ పేరు కూడా వెతకండి.