చెడిన బావి శుద్ధియైనదని యెప్పుడు చెప్పవచ్చును?

నీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు మన పెద్దలు కంటిని, ముక్కును, నాలుకను నమ్ముకొనిరి. బురదనీటిని కన్ను పట్టును; కుళ్లునీటిని ముక్కు పట్టును; ఉప్పునీటిని నాలుక పట్టును. కాని సీసము, కాడ్మియము, ఆర్సెనిక్కనెడి పాషాణము నీటిలో కరగియున్నపుడు ఈ మూడింటికిని చిక్కవు. కావున కర్మాగారపు మురుగుచే చెడిన బావిని బాగుచేసితిమని యెవరైన వచ్చి చెప్పినపుడు, నీరు తేటగా నున్నదిగదా యని మనము తృప్తిపడరాదు. ఏ కొలతనుబట్టి బాగుచేసితిరని యడుగవలెను. ఆ కొలత యెట్లు నిర్ణయింపబడునో సభ్యులకు తెలియుట యవసరమని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా నొక నిదర్శనము. రాజస్థానమునందు ఉదయపురము జిల్లాలో బిచ్ఛ్రి యను గ్రామము కలదు. 1980 తరువాతి దశాబ్దము చివర అక్కడ, రంగుల తయారీకి పనికివచ్చు హెచ్-ఆమ్లమును ఉత్పత్తిచేసిరి. దానివలన మిగిలిన విషపు మడ్డి సుమారు 2,440 టన్నులు. దానిని సరిగా భద్రపరుపక బయటనే పడవేసిరి. వానలకు ఆ విషము భూమిలోని కింకి, చుట్టుప్రక్కల బావులకు వ్యాపించెను. నీరు నల్లబడి మనుష్యులకుగాని, పశువులకుగాని, పైరులకుగాని పనికిరాకపోయెను. చెరచినవారే బాగుసేతకగు ఖర్చు భరింపవలెనని సుప్రీముకోర్టు 1996లో తీర్పు చెప్పినది. అయినను ముప్పదియేడు కోట్ల రూపాయలకు మించిన ఆ మొత్తమును వడ్డీతో చెల్లింపుడని 2011లో మరల ఆజ్ఞాపింపవలసివచ్చినది. చెరచుట కొలదికాలపు పని. బాగుసేత యొక తరము పని.

ఖర్చు ఎవరు పెట్టవలెనో తేలినను, ఎంతవరకు శుద్ధిచేయవలెనను ప్రశ్న మిగిలియే యుండును. దీనికి మొదటి ఆధారము త్రాగునీటి ప్రమాణము. మన దేశపు ప్రమాణమునుబట్టి లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనిక్కు 0.01, కాడ్మియము 0.003, పాదరసము 0.001, నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. ఈ కొలతలెంత సూక్ష్మములో యొక లెక్కవలన తెలియును. లక్ష లీటర్ల నీరుగల బావిలో ఒక్క గ్రాము సీసము కరగినచో, ఆ బావినీరంతయు హద్దునకు వచ్చును. రెండవ గ్రాము కరగిన హద్దు దాటును.

ఈ సంఖ్యలు ఆకాశమునుండి ఊడిపడినవి కావు. నికెలను లోహమును చూడుడు. శరీరపు బరువు కిలో ఒక్కంటికి దినమునకు 12 మైక్రోగ్రాములు మించనంతవరకు హాని లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు లెక్కకు తీసికొనిరి. మిల్లీగ్రాములో వేయవవంతు మైక్రోగ్రాము. 60 కిలోల మనిషికి ఇది దినమునకు 720 మైక్రోగ్రాములగును. కాని నికెలు ఆహారమువలన గూడ లోనికి పోవును గనుక, నీటి వంతునకు నూటి కిరువదిపాళ్లు, అనగా 144 మాత్రమే విడిచిరి. మనిషి దినమునకు రెండు లీటర్ల నీరు త్రాగునని తలచిన, లీటరునకు 72 వచ్చును. దానిని 70 అని, అనగా 0.07 మిల్లీగ్రామని స్థిరపరచిరి. మన దేశప్రమాణమో 0.02 మాత్రమే. ఒకే లోహమునకు రెండు హద్దులేల? లెక్కలో ఎంత జాగ్రత్త పాటింపవలెనో నిర్ణయించువారు మనుష్యులగుటచేతనే. పసిబిడ్డ బరువు తక్కువ. ఎండలో దుక్కిదున్నువాడు త్రాగు నీరు రెండు లీటర్లకంటె మిక్కిలి యెక్కువ. కావున ఎవరిని మనసులో నుంచుకొని లెక్క వేసితిరని యడుగుట మన హక్కు.

రెండవ ఆధారము నేల స్వభావము. నల్లగొండ ప్రాంతమున రాతినుండియే ఫ్లోరైడు నీటిలోనికి దిగును. అట్టిచోట ప్రకృతిసిద్ధమైన పాలెంతయో, కర్మాగారము చేర్చిన పాలెంతయో వేరుచేసి చూడవలెను. అందులకై మురుగు సోకని మీదివైపు బావినుండి గూడ నమూనా తీయవలెను. ఇది చేయనిచో, చెరచినవారు తప్పంతయు నేలమీదికి త్రోసివేయుదురు.

మూడవది, కొలుచు స్థలమును కాలమును. కర్మాగారపు గోడలోపలి బోరులో కొలిచిన సంఖ్య వేరు, పల్లపు రైతు బావిలో కొలిచిన సంఖ్య వేరు. వానలకు నీరు నిండినపుడు విషము పలుచబడి, వేసవిలో మరల చిక్కబడవచ్చును. పలుచబడుట శుద్ధి కాదు. మరియొక సంగతి గలదు. యంత్రములతో నీటిని తోడి శుద్ధిచేయుచున్నంతకాలము అంకె తగ్గును. తోడుట మానినపిమ్మట, మట్టిరేణువులను పట్టుకొనియున్న విషము మెల్లగా కరగి అంకె మరల పెరుగును. కాబట్టి పని ముగిసిన తరువాత అన్ని ఋతువులలోను కొన్ని సంవత్సరములు పరీక్షలు జరిగినగాని శుద్ధియైనదని నమ్మరాదు.

ఇక, హద్దే యేర్పడని పదార్థములు గూడ కలవు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువునొద్ద, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలుచున్న నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసినను ఔషధముండినట్లు 2007లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఆ ప్రాంతపు గ్రామముల బావులలోను మందుల శేషములు కనబడినట్లు 2009లో మరియొక పరిశోధన ప్రకటితమైనది. మన త్రాగునీటి ప్రమాణపు పట్టికలో ఆ మందు పేరే లేదు. పట్టికలో లేనిదానిని పరీక్షింపరు. పరీక్షింపనిది నివేదికలో కనబడదు. నివేదికలో లేనందున నీరు మంచిదని చెప్పుదురు. కావున ప్రక్కనున్న కర్మాగారములో ఏమి తయారగుచున్నదో ముందు తెలిసికొని, దానికై ప్రత్యేకముగా పరీక్ష కోరవలెను.

2025లో కేంద్రప్రభుత్వమువారు కలుషిత స్థలములను గూర్చి నిబంధనలు ప్రకటించిరి. స్థానికసంస్థలు, జిల్లా అధికారులు అనుమానము గలిగిన స్థలములను తెలియజేయవలెను. రాష్ట్ర కాలుష్యనియంత్రణ మండలి తొంబది దినములలో ప్రాథమిక విచారణ జరుపవలెను. ఎవరును అడుగనిచో నిబంధన కాగితముమీదనే యుండును. ఒంటరి రైతు దరఖాస్తుకంటె సంఘపు తీర్మానమునకు బలమెక్కువ.

అందుచేత ప్రతి సంఘమును ఈ క్రింది పనులు చేయుట మంచిదని మా సలహా. గ్రామములోని బావులకు, బోరులకు ఒక పుస్తకము పెట్టి, లోతు, నీటిమట్టము, రంగు, వాసన ఋతువారీగా వ్రాసియుంచవలెను. నమూనాలు తీయునపుడు పెద్దమనుష్యులు సాక్షులుగా నుండి, సీసాకు ముద్రవేసి, తేదీయు బావి గుర్తును వ్రాయింపవలెను. శుద్ధియైనదని చెప్పవచ్చినవారిని ఐదు ప్రశ్నలడుగవలెను. ఏ పదార్థము? ఏ హద్దువరకు? ఏ బావిలో? ఏ నెలలో? తోడుట మానిన తరువాత ఎంతకాలము పరీక్షించితిరి? ఈ ఐదింటికిని కాగితముమీద జవాబు వచ్చువరకు ఆ నీటిని త్రాగుటకు వాడరాదు.

కాచి త్రాగినచాలునని కొందరందురు. కాచినచో క్రిములు చచ్చును గాని లోహములు పోవు. నీరు ఆవిరియైనకొలది అవి యింకను చిక్కబడును. ఈ సంగతిని సభ్యులు తమ యిండ్లలోని స్త్రీలకు తప్పక తెలుపవలెను. బిందె నింపువారు వారే, బిడ్డకు నీరు పోయువారును వారే గదా.