తింటలేడు, తాగుతలేడు

“బువ్వ సూత్తెనే మొకం తిప్పుకుంటడు టీచరమ్మా. కూర పెడితె ఊంచుతడు. నీళ్లు తాగుమంటె గిలాస నూకేత్తడు.”

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అంగన్‌వాడీ టీచర్లు ఈ మాట తరచు వింటారు. ఏడాది దాటి మూడేండ్ల లోపు పిల్లలున్న తల్లులు చెప్పే మాట ఇది. తల్లికి భయం. బిడ్డ ఎండిపోతదేమో అని దిగులు.

టీచరమ్మ ముందుగా ఒకటే అడుగుతుంది. “పొద్దుగాల లేసినకాన్నుంచి ఏమేం పెట్టినవక్కా?”

తల్లి లెక్క చెప్తుంది. లేవగానే చాయ్, రెండు బిస్కెట్లు. తర్వాత సీసాతోటి పాలు. పది గంటలకు ఏడిస్తే దుకాణంల అయిదు రూపాయల పాకిటు. ఆ తర్వాత మళ్లీ కొంచెం చాయ్.

ఇక బువ్వకు జాగ ఏది? ఈ వయసు బిడ్డ ఒక్కసారికి చిన్న గిన్నెడు తింటుంది. ఆ జాగ చాయ్‌తోటి, పాకిటుతోటి నిండింది. బిడ్డ మొండితనం చేస్తలేదు. దానికి ఆకలి లేదు.

ఇంకో సంగతి ఉంది. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి 9 కిలోల దాకా పెరుగుతుంది. రెండో ఏట మాత్రం 2 లేదా 2.5 కిలోలే పెరుగుతుంది. ఎదుగుడు నెమ్మది అవుతుంది. ఆకలి కూడా కొంత తగ్గుతుంది. ఇది రోగం కాదు. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేయించాలి. తూకం పెరుగుతుంటే తల్లి రంది పడే పని లేదు. పెరగకుంటే డాక్టరుకు చూపించాలి.

చాయ్ సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. బీడీలు చేసే ఇండ్లల్లో చాయ్ లేనిదే పొద్దు గడవదు. తల్లి తాగుతుంటే బిడ్డ చెయ్యి చాపుతుంది. రెండు గుక్కలే కదా అని పోస్తారు. చాయ్ ఆకలిని చంపుతుంది. తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. ఇనుము లేకుంటే రక్తం తగ్గుతుంది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణల 5 ఏండ్ల లోపు పిల్లలు నూటికి 70 మందికి రక్తం తక్కువ ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైన బిడ్డకు ఆకలి మందగిస్తుంది. ఆకలి లేక తినదు. తినక రక్తం ఇంకా తగ్గుతుంది.

మరి ఏం పెట్టాలి?

కొనేది కొంచెం, చుట్టూ దొరికేది ఎక్కువ. పునాస పంటల్ల గంగవాయిలి కూర మొలుస్తుంది. చెల్క గట్టున పొన్నగంటి ఉంటుంది. పెరట్ల మునగ చెట్టు ఉంటుంది. తోటకూర, పాలకూర, పుంటికూర అంగట్ల దొరుకుతయి. ఏ ఆకు అయినా మంచిగ కడిగి, పెసరపప్పుల వేసి మెత్తగ ఉడికించాలి. బువ్వలనో, జొన్న గట్కలనో కలిపి, ఒక చెంచా నూనె లేదా నెయ్యి వెయ్యాలి. నూనె ఉంటేనే ఆకుకూరలోని ఏ విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ విటమిన్ లేకుంటే రేచీకటి వస్తుంది. కొంచెం నిమ్మకాయ పిండితే ఇనుము కూడా బాగ పడుతుంది.

పండ్లకు కూడా పట్నం పోనక్కరలేదు. జామ, పొప్పడి పండు, మామిడి, సీతాఫలం ఇక్కడివే. అరటిపండు ఏడాది పొడుగునా ఉంటుంది. “పండు పెడితె సర్ది చేత్తది” అని నాయనమ్మ అంటుంది. సర్ది పండుతోటి రాదు. సర్ది ఉన్న మనిషి నుంచి వస్తుంది. అయితే నాయనమ్మ మాటలన్నీ తీసెయ్యొద్దు. అంబలి, సల్ల తాగించమనేది కూడా ఆమెనే.

ఒక జాగ్రత్త. సీతాఫలం, రేగుపండు గింజలు తీసి పెట్టాలి. పల్లీలు, శనగలు గింజలుగా ఇయ్యొద్దు. గొంతుల అడ్డం పడితే ఊపిరి ఆగుతుంది. పల్లీలను పొడి కొట్టి బువ్వల కలపాలి.

ఇప్పుడు అసలు కష్టం. పెడితే ఊంచుతుంది కదా?

కొత్త రుచి ఏ బిడ్డకైనా అనుమానమే. పాలకూర పప్పు ఇవ్వాళ ఊంచింది అని మానొద్దు. రెండు రోజులకు మళ్లీ ఒక్క ముద్ద పెట్టాలి. ఎనిమిది, పదిసార్లు రుచి చూసినంక చాలా మంది పిల్లలు తినడం మొదలుపెడతారు. చాలా ఇండ్లల్లో మూడోసారికే విడిచిపెడతారు. ముక్కు మూసి, కాళ్లు పట్టి కుక్కితే మాత్రం బిడ్డ ఆ గిన్నెను చూస్తేనే ఏడుస్తుంది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు నల్లగొండ జిల్లాలో 60 పల్లెల్లో ఈ సంగతి పరీక్షించారు. కొన్ని పల్లెల్లో తల్లులకు ఏం పెట్టాలో చెప్పారు. ఇంకొన్ని పల్లెల్లో ఎట్ల పెట్టాలో కూడా చెప్పారు. బిడ్డతోటి మాట్లాడాలి, ఆకలి సైగలు చూడాలి, ఆడించాలి అని ఇంటింటికి పోయి నేర్పారు. 2013లో ఫలితం అచ్చయింది. రెండు రకాల పల్లెల్లోనూ పిల్లల తిండి మెరుగైంది. మాట్లాడుకుంట తినిపించిన పల్లెల్లో పిల్లల తెలివి కూడా బాగ ఎదిగింది.

అందుకే బిడ్డకు వేరే చిన్న గిన్నె ఉండాలి. అందరితోటి కూసోబెట్టాలి. తన చేత్తో తినబోతే తిననియ్యాలి. సగం కింద పోతుంది, పోనీ. నాయిన పుంటికూర తింటుంటే బిడ్డ తనకూ కావాలంటుంది. బీడీలు చేసిన చేతులకు తంబాకు ఉంటుంది. సబ్బుతోటి కడుక్కున్నంకనే ముద్ద పెట్టాలి.

2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి పథకం మొదలైంది. 7 నెలల నుంచి 3 ఏండ్ల పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా బాలామృతం, గుడ్లు ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. బాలామృతంల గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటయి. అది ఇంట్ల అందరు పంచుకునే పిండి కాదు. అది బిడ్డది.

ఇక నీళ్లు. రామగుండం, ఆదిలాబాద్ ఎండలు అందరికి తెలిసినవే. కొన్ని ఏండ్లు 45 డిగ్రీలు దాటుతయి. సరిగ్గ అప్పుడే తునికాకు పని వస్తుంది. తల్లి తెల్లారకముందే అడవికి పోతుంది. చిన్నబిడ్డ ఎనిమిదేండ్ల అక్క దగ్గర ఉంటుంది. తల్లి బువ్వ వండి పెట్టిపోతుంది. నీళ్ల సంగతి చెప్పదు. చిన్నబిడ్డ దూప అని అడగలేదు. ఆటల మరిచిపోతుంది.

కాచి చల్లార్చిన నీళ్లు మూత చెంబుల పోసి, చిన్న గిలాస పక్కన పెట్టిపోవాలి. ఆడుకొని వచ్చినప్పుడల్లా రెండు గుక్కలు తాగించుమని పెద్దబిడ్డకు చెప్పాలి. బువ్వకు ముందర కడుపు నిండ నీళ్లు తాగించొద్దు. పలుచని సల్ల, అంబలి, పప్పుకట్టు కూడా నీళ్ల కిందికే వస్తయి. పుచ్చకాయల నూటికి 90 పాళ్లు నీళ్లే. ఇంకా పాలు తాగే బిడ్డకు తల్లి అడవి నుంచి రాగానే చన్నియ్యాలి. రెండేండ్లు నిండినా తల్లిపాలు ఇయ్యొచ్చు.

బిడ్డ ఉచ్చ తెల్లగ ఉంటే నీళ్లు సరిపోతున్నయి. పచ్చగ, కొంచెం కొంచెం పోస్తే చాలుతలేవు.

విరేచనాలు అయితే నీళ్లు ఆపొద్దు. ఆపితేనే ప్రాణం మీదికి వస్తుంది. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్‌ఎస్ పాకిటు ఉంటుంది. ఒక పాకిటు మొత్తం ఒక లీటరు నీళ్లల్ల కలపాలి. విరేచనం అయినప్పుడల్లా రెండేండ్ల లోపు బిడ్డకు పావు గిలాస నుంచి సగం గిలాస దాకా చెంచాతోటి తాగించాలి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ తాగించాలి. జింకు గోలీలు 14 రోజులు వెయ్యాలి, విరేచనాలు తగ్గినా ఆపొద్దు. కండ్లు లోపలికి పోయినా, ఏడిస్తే నీళ్లు రాకున్నా, ఆరు గంటలు ఉచ్చ పోయకున్నా, బిడ్డ సోయి లేకుండ మత్తుగ ఉన్నా వెంటనే దవాఖానకు తీసుకపోవాలి. తొవ్వ పొడుగునా ఓఆర్‌ఎస్ తాగించుకుంట పోవాలి. కలిపిన నీళ్లు ఒక్క రోజే పనికొస్తయి. మిగిలితే పారబోసి కొత్త పాకిటు కలపాలి.