సేవాదారు–వినియోగదారుల మధ్య విశ్వసనీయ రూటింగ్ సెషన్లు: కడప జిల్లా పట్టణాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
ఇంటర్నెట్ సేవాదారుకు, వినియోగదారు సంస్థకు మధ్య రూటింగ్ సెషన్ ఏర్పడినంత మాత్రాన అది విశ్వసనీయం కాదు. ఏ మార్గాలను ప్రకటించాలి, వేటిని స్వీకరించాలి అనే హద్దులను ఇరుపక్షాలూ ముందే నిర్ణయించుకోవాలని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బి.జి.పి., రూటింగ్, మార్గస్రావం, వడపోత, ఫైబర్.

1. ఉపోద్ఘాతం:
వస్త్ర, బంగారు వ్యాపారాలకు పేరొందిన ప్రొద్దుటూరులో చెల్లింపులు, ఇంజనీరింగ్ కళాశాల గల పులివెందులలో బోధన, గండికోటకు చేరువలోని జమ్మలమడుగులో పర్యాటక సేవలు నేడు ఇంటర్నెట్‌తో ముడిపడి ఉన్నాయి. గృహ వినియోగదారుకు సేవాదారు చూపే ఒక్క దారి చాలు. ఇద్దరు సేవాదారులను ఆశ్రయించే సంస్థకు మాత్రం, ఒక దారి తెగినప్పుడు రెండవ దారి లోకానికి తెలియాలి. ఆ పనిని బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్, అనగా బి.జి.పి., నిర్వహిస్తుంది. దీని తొలి రూపం 1989లో వెలువడింది. నేటి నాలుగవ రూపాంతరానికి 2006 నాటి ఆర్.ఎఫ్.సి. 4271 ప్రమాణం.

2. సెషన్ ఏర్పడే తీరు:
ఇరుపక్షాల రూటర్లు టి.సి.పి. 179వ పోర్టుపై కలుసుకొని తమ ఏ.ఎస్. సంఖ్యలను తెలుపుకుంటాయి. భారతదేశంలో ఈ సంఖ్యలను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియాకు చెందిన ఐ.ఆర్.ఐ.ఎన్.ఎన్. కేటాయిస్తుంది. ఒకే సేవాదారు గల వినియోగదారుకు 64512–65534 మధ్య గల ప్రైవేటు సంఖ్య సరిపోతుంది.

ఎదుటి రూటరు నుండి నిర్ణీత గడువులో సందేశం రాకపోతే సెషన్ రద్దవుతుంది. ప్రమాణం సూచించిన గడువు 90 సెకన్లు. నడుమ స్విచ్ ఉన్నచోట ఆవలి తీగ తెగినా రూటరుకు వెంటనే తెలియదు. ఆ గడువంతా సమాచారం దారితప్పి నశిస్తుంది. బి.ఎఫ్.డి. అనే తోడు ప్రోటోకాల్‌ను 300 మిల్లీసెకన్ల విరామంతో, మూడు సందేశాలు అందకపోతే తెగినట్లు భావించేలా అమరిస్తే, లోపం ఒక సెకనులోపే బయటపడుతుంది.

3. హద్దుల ఆవశ్యకత:
ప్రొద్దుటూరులోని ఒక సంస్థ మొదటి సేవాదారు నుండి పొందిన మార్గాలను రెండవ సేవాదారుకు ప్రకటించిందని భావిద్దాం. అప్పుడు ఇతరుల రద్దీ ఆ చిన్న సంస్థ గుండా ప్రవహించబోయి స్తంభిస్తుంది. ఇదే మార్గస్రావం. 2019 జూన్ 24న అమెరికాలో ఒక వినియోగదారు సంస్థ ద్వారా వచ్చిన ఇటువంటి మార్గాలను వెరైజన్ వడపోయకుండా స్వీకరించడంతో క్లౌడ్‌ఫ్లేర్ తదితర సేవలకు అంతరాయం కలిగింది.

నివారణకు సేవాదారు మూడు హద్దులు విధించాలి: వినియోగదారుకు చెందిన చిరునామా ఖండాలనే స్వీకరించడం, వాటి సంఖ్యకు గరిష్ఠ పరిమితి పెట్టడం, ఆ ఖండాలను ప్రకటించే హక్కును ఆర్.పి.కె.ఐ. ధ్రువీకరణతో సరిచూడడం. వినియోగదారు సైతం తన ఖండాలను మాత్రమే ప్రకటించాలి. విధానం నిర్దేశించని సెషన్‌లో మార్గాలను ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని 2017 నాటి ఆర్.ఎఫ్.సి. 8212 శాసిస్తుంది.

4. భౌతిక మార్గం:
2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగా తీగలను విస్తరించింది. ఈ పద్ధతి వ్యయాన్ని తగ్గిస్తుంది; కాని ఒక స్తంభం కూలితే దానిపై గల తీగలన్నీ తెగవచ్చు. జమ్మలమడుగు నుండి బయలుదేరే రెండు సెషన్లు ఒకే స్తంభాల వరుసపై సాగితే, కాగితంపై రెండైనా ఆపదలో అవి ఒక్కటే. కనుక ఒప్పందానికి ముందే తీగల దారిని విచారించాలి.

5. ముగింపు:
బి.జి.పి. స్వభావతః ఎదుటివారి మాటను నమ్ముతుంది. ఆ నమ్మకానికి హద్దులు ఏర్పరచడం ఇరుపక్షాల బాధ్యత. సెషన్ విశ్వసనీయతను అది నిలిచిన రోజుల సంఖ్యతో గాక, ఒక తీగను ఉద్దేశపూర్వకంగా విడదీసినప్పుడు రెండవ మార్గం ఎంత త్వరగా అందుకుందో పరీక్షించి నిర్ణయించాలి.