పల్నాటి వీరులు దయ్యాలా, దేవతలా?

కార్తిక మాసంలో పల్నాటి వీరగాథను గురించి మేము ఒక ప్రసంగం ప్రసారం చేసిన పిమ్మట, దివిసీమ నుండి శ్రోత ఒకరు మాకు జాబు వ్రాశారు. "కారెంపూడిలో వీరులకు పెట్టే కూడు దేవునికి పెట్టే నైవేద్యమా, లేక దయ్యానికి వేసే బలి అన్నమా?" అని వారి ప్రశ్న. జాబు చిన్నదే గాని ప్రశ్న చిన్నది కాదు. రెండు మాటలలో బదులు చెప్పి తప్పించుకోవడానికి మాకు మనసొప్పలేదు. ప్రసంగంలో వ్యవధి చాలక విడిచిపెట్టిన సంగతులను కూడ కలిపి ఇక్కడ విన్నవిస్తున్నాము.

ముందుగా కథ. తెలిసినవారు మన్నింతురు గాక. 12వ శతాబ్ది చివరి భాగంలో పల్నాటిని హైహయ వంశపు రాజులు ఏలుతూండేవారు. అనుగురాజు కుమారులలో నలగామరాజు గురజాలలోను, సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలోను రాజ్యం చేశారు. అన్నకు నాయకురాలు నాగమ్మ మంత్రిణి. తమ్మునికి బ్రహ్మనాయుడు అండ. కోడిపందెంలో ఓడి మలిదేవుని పక్షంవారు ఏడేండ్లు నాడు విడిచి వెళ్లారు. గడువు తీరి వచ్చి తమ పాలు అడగటానికి అలరాజును రాయబారిగా పంపగా, అతడు విషప్రయోగానికి గురి అయి మరణించాడు. అలరాజు ఎవరు? నలగామరాజుకు స్వయాన అల్లుడు. అతని వెంట ప్రాణం విడిచిన పేరిందేవి నలగాముని కన్నకూతురు. అటుపిమ్మట కారెంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున, యుద్ధం జరిగినది. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు అందులో నేలకొరిగాడు. నాగులేరు నెత్తురుతో ఎర్రబారి పారినదని నేటికీ చెప్పుకొంటారు.

ఈ కథలో పరాయి శత్రువు ఎవడూ లేడన్నది గమనించాలి. పైనుండి వచ్చిన శత్రువుతో పోరాడితే మనవారెవరో, పగవారెవరో స్పష్టం. మన మృతులకు మనం నీళ్లు విడుస్తాము, వారి మృతులకు వారు విడుస్తారు. ఇంటిపోరు అట్లా కాదు. చచ్చినవాడు జ్ఞాతి, చంపినవాడూ జ్ఞాతే. మన ధర్మశాస్త్రం ప్రకారం మైల ఇద్దరికీ ఒక్కటే. చంపిన చేతితోనే తర్పణం విడవవలసిన దుస్థితి అది. అటువంటి చావులు ఊరికే చల్లబడవు.

ఆయువు తీరక, కోరిక తీరక పోయినవాడు తిరుగుతూంటాడని మన పల్లెలలో నమ్మకం. తిరిగేవాడికి ఊరు రెండు విధాలుగా ఉపాయం చూస్తుంది. ఒకటి తరిమివేయడం. వేపమండలు, భూతవైద్యుడు, ఊరి పొలిమేర, ఇదంతా శ్రోతలకు తెలిసినదే. రెండవది నిలపడం. ఒక రాయి నాటి, పేరు పెట్టి, ఏటా ఒక రోజు ఏర్పరచి, ఆ రోజున అన్నం పెట్టడం. తెలుగునాట పాత ఊళ్ల వెలుపల కత్తి పట్టిన మనిషిని చెక్కిన వీరగల్లులు ఈ రెండవ ఉపాయానికి గుర్తులు. విజయవాడకు దగ్గరలోనే, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో, భర్తతో సహగమనం చేసిన తిరుపతమ్మ పేరంటాలై నిలిచినది. వేలమంది ఆమెకు మొక్కుకొంటారు. ఆమెను దయ్యమని అనేవారు లేరు. దయ్యానికీ దేవతకూ మధ్య ఉన్న దూరం అంతా ఊరు చేసిన మర్యాదలో ఉన్నదని మా అభిప్రాయం. మర్యాద జరగని మృతుడు పొలిమేరలోనే ఉండిపోతాడు.

కారెంపూడిలో జరిగినది ఈ నిలపడమే, అయితే ఒక్కరిని కాదు, ఒక సైన్యాన్ని. యుద్ధంలో ఒరిగిన వీరులు లింగాలైనారని అక్కడి సంప్రదాయం. వీరుల గుడిలోని శిలలు వారే. కార్తిక అమావాస్య నాడు ఆరంభమై ఐదు రోజులు ఆరాధన జరుగుతుంది. ఏ పున్నమినో కాక అమావాస్యను ఎంచుకొనడం కూడ అర్థవంతమే. అది పితరుల తిథి గదా.

మేము రికార్డింగు యంత్రంతో ఒక ఏడు అక్కడికి వెళ్లాము. తెలుగు జిల్లాల నలుమూలల నుండి వీరాచారవంతులు వస్తారు. ఒక్కొక్క వంశానికి ఒక్కొక్క వీరుడు. ఆ వీరుని ఆయుధాన్ని కొణతం అంటారు. దానిని ఇంట్లో పూజించి, భుజాన మోసి తెస్తారు. నాగులేటిలో స్నానం చేయిస్తారు. ఆయుధానికి స్నానం అంటే నవ్వు రావచ్చును. ఆ ఒడ్డున నిలబడి, తడిసిన ఇనుమును తువ్వాలుతో తుడుస్తున్న ముసలివారి చేతులు చూచినవారికి నవ్వు రాదు. పసిబిడ్డకు తల తుడిచినట్లే తుడుస్తారు.

ఐదు రోజులకూ ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అంటే యుద్ధాన్ని కథగా వినడమే కాదు, దినక్రమంగా మళ్లీ నడిపిస్తారు. రాయబారం నాడు అలరాజు మళ్లీ బయలుదేరుతాడు. కోడిపోరు నాడు కోళ్లు మళ్లీ దిగుతాయి. సంక్రాంతికి డెల్టాలో జరిగే పందాలకు అలవాటు పడిన మన కళ్లకు ఇది వేడుకగా తోస్తుంది గాని, అక్కడ చుట్టూ నిలిచినవారి ముఖాలలో పందెపు ఉత్సాహం మాకు కానరాలేదు. ఫలితం ముందే తెలిసిన పందెం అది. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. కులభేదం పాటించక అందరూ ఒకే చాపపై కూర్చుండి భుజించటం బ్రహ్మనాయుడు నెలకొల్పిన ఆచారమని ప్రసిద్ధి. మాల కులానికి చెందిన కన్నమదాసును ఆయన కొడుకుగా భావించి సేనకు నాయకుణ్ణి చేశాడని కథ.

ఐదవ నాడు కళ్లిపాడు. కొణతాలు పట్టినవారు పోరాడుతూ, ఒరిగిపోయిన వీరులవలె నేలపై పడిపోతారు. పంబ మ్రోత, జనఘోష ఒక్కుమ్మడిగా హెచ్చి, మా యంత్రపు సూచిక ఎర్రగీత దాటిపోయినది. ఆ క్షణంలో ఎవరు మృతులు, ఎవరు మనుమలు అన్న భేదం చెరిగిపోతుంది. చచ్చినవారు తమ సంతతి దేహాలలోకి వచ్చి, మరల చచ్చి, మరల వెళ్లిపోతారు.

ఇది మన ఒక్కరి వింత కాదు. సరిగా ఆ కాలంలోనే, 1180 నుండి 1185 వరకు, జపానులో తైరా, మినమోటో అనే రెండు వంశాల మధ్య ఇంటిపోరు సాగినది. చివరి నావికాయుద్ధంలో తైరా వంశంవారు, బాలచక్రవర్తి అంటోకుతో సహా, సముద్రం పాలైనారు. అక్కడి ఎండ్రకాయల వీపుచిప్పలపై అలిగిన యోధుల ముఖాలు కనబడుతవని జాలరులు అనుకొన్నారు. అంధులైన గాయకులు బివా అనే తంత్రీవాద్యం మీటుతూ ఆ వంశనాశన గాథను ఊరూరా పాడారు. మృతుల ఆత్మలను శాంతింపజేయటం ఆ పాటకు ఒక ప్రయోజనం. ప్రేతాలే వచ్చి ఒక గాయకుని చేత తమ కథ పాడించుకొని విన్నవని అక్కడొక కథ ఉన్నది. 1904లో లాఫ్కాడియో హెర్న్ దానిని ఇంగ్లీషున ప్రచురించాడు. ఈ రెండు పోరుల వారికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా ఇద్దరికీ ఒకే మందు తట్టినది: పాట.

మన పాటగాండ్రు వీరవిద్యావంతులు. పంబ, తిత్తి తోడుగా, కత్తి చేతబట్టి రాత్రులు రాత్రులు పాడుతారు. ఈ పాట ఎంత పాతదో క్రీడాభిరామం వలన తెలుస్తుంది. ఓరుగల్లు వీధులలో పల్నాటి వీరుల కథ పాడటం ఆ కావ్యంలో వర్ణితమైనది. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు ద్విపదలో వ్రాసినాడని చెప్పే పల్నాటి వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు పరిష్కరించి ప్రచురించారు. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన పాఠాన్ని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో గ్రంథంగా వెలువరించాడు. పండితుల గ్రంథానికి మాతృక పామరుడని మనం అనుకొనే మనిషి గొంతు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పక తప్పదు. పాడినవారు బ్రహ్మనాయుని పక్షంవారు. అందుచేత నాగమ్మ ఆ పాటలో కుట్రలకు ఆటపట్టు. 1947 నాటి సినిమాలో కన్నాంబ, 1966 నాటి సినిమాలో భానుమతి ఆ పాత్రను ధరించారు. వారి నటన ఎంత గొప్పదైనా, కథ ఆమెకు వేసిన స్థానం మారలేదు. 12వ శతాబ్దంలో ఒక స్త్రీ మంత్రిపదవి వహించి రాజ్యం నడిపిన సామర్థ్యాన్ని ఇటీవలి వారే తలచుకొంటున్నారు. నిలిపిన మృతులలో కూడ కొందరే మర్యాదకు నోచుకొంటారన్నమాట. పొలిమేరలో ఇంకా తిరుగుతున్న వారెవరని మమ్ము అడిగితే, ముందుగా నాగమ్మ పేరే చెబుతాము.

మరొక సంగతి. పల్నాటిలో ఎన్నికల తగాదా రేగినప్పుడల్లా, 2024 మే నెలలో రేగినప్పుడు కూడ, "పల్నాటి యుద్ధం" అన్న మాట వినవచ్చినది. ఆ నేల నెత్తుటిలోనే పగ ఉన్నదన్నట్లు దూరాన ఉన్నవారు మాట్లాడుతారు. ఎనిమిది వందల ఏండ్ల నాటి వీరులపై నేటి కక్షల భారం మోపటం సులభం, అన్యాయం. కారెంపూడివారు చేస్తున్నది దానికి నేరుగా విరుద్ధం. వారు ఆ యుద్ధానికి ఐదు రోజుల హద్దు గీచారు. దాని నడుమ ఒక పంక్తిభోజనం పెట్టారు. ఆరవ రోజున యుద్ధం లేదు.

గెలిచినవాని సంగతి ఏమైనదని శ్రోతలు అడగవచ్చును. బ్రహ్మనాయుడు ఓడిన నలగామునికే రాజ్యం అప్పగించి, గుత్తికొండ బిలంలోకి తపస్సుకు వెళ్లిపోయాడని కథ. ఆయన అక్కడ మరణించినాడని కథ చెప్పదు. బిలం దగ్గరకు నేటికీ జనం వెళుతున్నారు.

దివిసీమ శ్రోతకు మా బదులు ఇది: అది బంధువులకు పెట్టే కూడు. నైవేద్యానికీ బలికీ నడుమ మన భాషలో దానికి వేరే పేరు లేదు గాని, ఏటా మార్గశిరం రాగానే కారెంపూడిలో ఆ కూడు వండుతూనే ఉన్నారు. మా రికార్డింగులో కళ్లిపాడు తరువాతి శబ్దాలు కూడ పడినవి. పంబ ఆగినది. పడినవారు లేచి దుమ్ము దులుపుకొన్నారు. కొణతాలకు గుడ్డ చుడుతున్న సవ్వడి, పిల్లవాని పేరు పెట్టి పిలుస్తున్న ఒక తల్లి గొంతు, దూరాన నరసరావుపేట బస్సు హారను.