రాయి తగిలితే ఎర్తు ఎలా?

పొలం మోటారుకు వేస్తున్న ఎర్తు కడ్డీ రెండడుగులు దిగి, ఖంగుమని రాయికి తగిలి ఆగిపోయింది. పైన మిగిలింది రంపంతో కోసేసి తీగ బిగిస్తే ఏమవుతుంది?

ఏమీ కాదు. మోటారు తిరుగుతుంది, మిరపతోట తడుస్తుంది. అసలు చిక్కు అదే. వైండింగ్ కాలి ఫేజు మోటారు బాడీని తాకిన రోజున గానీ ఎర్తుతో పని పడదు. ఆ రోజు కరెంటు నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు గుండా తిరిగి వెళ్లాలి. అదీ ఫ్యూజు ఎగిరిపోయేంత జోరుగా.

ఆ జోరును ఆపేది ఇనుము కాదు, దాన్ని ఆనుకున్న నేల. పెదనందిపాడు వైపు తడిసిన నల్లరేగడికి నిరోధకత 10 ఓమ్-మీటర్ల చుట్టుపక్కల ఉంటుందనుకుందాం. అందులో 3 మీటర్ల కడ్డీ దిగితే ఎర్తు 3 ఓముల పైచిలుకు వస్తుంది. 230 వోల్టుల మీద దాదాపు 70 ఆంపియర్లు పారతాయి, ఫ్యూజు నిలవదు. అదే కడ్డీ పల్నాడు నాపరాతి నేలలోనో, చీమకుర్తి గ్రానైట్ పక్కనో ఉంటే? ఎండిన రాతినేలకు 1000 ఓమ్-మీటర్లు పెద్ద లెక్కేం కాదు. అప్పుడు 330 ఓములు దాటి, ముప్పాతిక ఆంపియరు కూడా పారదు. రెండడుగులే దిగితే 1200 ఓముల పైమాటే. ఫ్యూజు చలించదు, స్టార్టర్ డబ్బా మీద కరెంటు అలాగే కాపు కాస్తుంది, తడికాళ్లతో వచ్చే మనిషి కోసం.

మరి రాతినేలలో ఎలా? ముందు రెండు గజాలు జరిగి కొట్టి చూడాలి. నాపరాయి పొరలు పొరలుగా, బీటలతో ఉంటుంది. బీటలో మట్టి దొరికితే కడ్డీ దిగిపోతుంది. గ్రానైట్ పలకైతే ఎన్నిచోట్ల కొట్టినా సమ్మెట నొప్పే మిగిలేది. అలాంటప్పుడు ఏటవాలుగా దించవచ్చు. ఐ.ఎస్. 3043 ప్రమాణం ఇందుకు ఒప్పుకుంటుంది గానీ, నిలువుకు 30 డిగ్రీలు మించకూడదంటుంది, కడ్డీ పొడవు 2.5 మీటర్లకు తగ్గకూడదంటుంది.

అదీ కుదరకపోతే, నా ఓటు కందకానికే. కనీసం అర మీటరు లోతున, నాగలికి అందకుండా, 15 మీటర్ల జి.ఐ. పట్టీని పడుకోబెట్టి పూడ్చాలి. అదే 1000 ఓమ్-మీటర్ల నేలలో ఇది 110 ఓముల దాకా దించుతుంది, అంటే నిలువు కడ్డీలో మూడో వంతు. నీటి కాలువ వెంబడి వేస్తే ఆ తడి కూడా కలిసొస్తుంది. బోరు లారీ ఎలాగూ పొలానికి వచ్చి ఉంటే ఇంకో రంధ్రం వేయించి, కడ్డీ చుట్టూ బెంటోనైట్ మట్టిని చిక్కగా కలిపి పోయించవచ్చు. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి, రాయినీ ఇనుమునూ పట్టుకుంటుంది. మనవాళ్లకు అలవాటైన ఉప్పూ బొగ్గూ మొదట్లో బాగానే పనిచేస్తాయి. తర్వాత ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, పోయేలోగా జి.ఐ. పైపును తినేస్తుంది. బోరు కేసింగే ఎర్తు అనుకోవడం ఇనుప కేసింగుల నాటి మాట. పి.వి.సి. కేసింగుకు తీగ చుడితే అది అలంకారమే.

ఇన్ని చేసినా 110 ఓముల మీద పారేది రెండు ఆంపియర్లే, ఫ్యూజు అప్పుడూ కాలదు. కాబట్టి రాతినేలలో ఆర్‌సీసీబీ తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్లు నేలలోకి కారగానే అది లైను కొట్టేస్తుంది. 330 ఓముల ఎర్తు ఉన్నా అప్పటికి బాడీ మీద పది వోల్టులే ఉంటాయి. అలాగని ఎర్తు మానేస్తే, ఆ కారే దారి మన ఒళ్లే అవుతుంది.

ఎర్తు బాగుందని తేల్చడానికి ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు వెలిగించి చూపిస్తారు. నమ్మకండి. 50 ఓముల ఎర్తు మీద కూడా 100 వాట్ల బల్బు దాదాపు నిండుగా వెలుగుతుంది. ఆ ఎర్తు మీద ఫేజు తగిలితే పారేది నాలుగున్నర ఆంపియర్లే. పైగా పరీక్ష జరిగినంతసేపూ ఎర్తు తీగలో కరెంటు ఉంటుంది. ఎర్తు మెగ్గర్‌తోనే కొలిపించాలి, అదీ మే నెలలో. నల్లరేగడి రైతులూ ఇందులోకే వస్తారు: నేల నెర్రెలిచ్చి కడ్డీ చుట్టూ సందు పడేది అప్పుడే.