పాత వస్తువులే గట్టివా?

“పాత ఒక రోత, కొత్త ఒక వింత” అని సామెత. ఇంట్లో వాడుకొనే వస్తువుల విషయంలో మాత్రం పెద్దలు ఇందుకు విరుద్ధంగా మాట్లాడుతుంటారు. నలభై ఏళ్ల కిందట కొన్న ఫ్యాను ఇంకా తిరుగుతున్నదనీ, మొన్న కొన్నది అప్పుడే మూలపడిందనీ అంటారు. ఈ మాటలో నిజమెంత?

నలభై ఏళ్ల ఫ్యాను కళ్లెదుట కనిపిస్తుంది. దానితోపాటే తయారై, కొన్నేళ్లకే కాలిపోయి పాతసామాన్ల అంగడికి చేరినవి కనిపించవు. మిగిలిన గట్టివాటిని మాత్రమే చూసి, ఆనాటి వస్తువులన్నీ గట్టివే అనుకోవడం పొరపాటు. పైగా ఆ రోజుల్లో ఫ్యాను కొనడం సామాన్య కుటుంబానికి పెద్ద ఖర్చు. కాబట్టి దానిని జాగ్రత్తగా వాడేవారు. చెడిపోతే పారవేయక బాగుచేయించేవారు. దాని దీర్ఘాయువుకు ఈ శ్రద్ధ కూడా ఒక కారణం.

ఎక్కువకాలం మన్నడం ఒక్కటే మంచి వస్తువుకు గుర్తు కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో లివర్‌మోర్ అనే పట్టణం ఉంది. అక్కడి అగ్నిమాపక దళం 1901 నుండి ఒకే విద్యుద్దీపాన్ని వెలిగిస్తున్నది. వినడానికి ఇది ఆశ్చర్యకరమే. అయితే ఆ దీపం ఇచ్చేది సుమారు 4 వాట్ల మసక వెలుతురు మాత్రమే. బల్బులోని తీగ తక్కువగా వేడెక్కితే ఎక్కువకాలం నిలుస్తుంది. కాని వాడిన విద్యుత్తుకు తగినంత వెలుగు రాదు.

అలాగని తయారీదారుల తప్పేమీ లేదనడానికీ వీలులేదు. 1924లో జెనీవా నగరంలో కొన్ని పెద్ద బల్బు కంపెనీలు కూడబలుక్కొని, బల్బు ఆయుస్సును 1000 గంటలకు పరిమితం చేశాయి. అంతకు మించి వెలిగే బల్బులు తయారుచేసిన సభ్యులకు జరిమానా విధించాయి. పాతది త్వరగా ఆరిపోతేనే గదా, కొత్తది అమ్ముడుపోయేది!

బల్బు నేర్పే ఈ రెండు పాఠాలూ ఫ్యానుకు వర్తిస్తాయి. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారు గల కొత్త ఫ్యానుకు దాదాపు 30 వాట్లు చాలు. రోజుకు 10 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే పాతది 225 యూనిట్లు, కొత్తది 90 యూనిట్లు వాడుతుంది. అంటే 135 యూనిట్లు మిగులుతాయి. మన దేశంలో 2023 జనవరి నుండి సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి అయింది. ఆ గుర్తును చూసి ఏది విద్యుత్తును పొదుపుగా వాడుతుందో తెలుసుకోవచ్చు.

ఇక మరమ్మతు సంగతి. పాత ఫ్యానులో ముఖ్యంగా చెడిపోయేవి కండెన్సరు, బేరింగులు, వైండింగు. కండెన్సరు మార్చడం కొద్ది నిమిషాల పని. వైండింగు కాలితే వీధి చివరి మెకానిక్కు రాగితీగను మళ్లీ చుట్టి ఇస్తాడు. కొత్త ఫ్యానులోనైతే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అది చెడిపోతే సరిగ్గా అలాంటి బోర్డే దొరకాలి. దొరకకపోతే రెక్కలు, మోటారు బాగున్నా ఫ్యానంతా పారవేయవలసి వస్తుంది. దీనివల్ల ఇంటివారికి డబ్బు నష్టం, మెకానిక్కుకు పని నష్టం, ఊరికి చెత్త బెడద.

ఈ ఇబ్బందిని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. ఫ్రాన్సులో కొన్ని వస్తువులను ఎంత సులభంగా బాగుచేయవచ్చో తెలుపుతూ పదికి ఇన్ని మార్కులని వాటిపై వేసే పద్ధతి 2021లో అమలులోకి వచ్చింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌ను ప్రారంభించింది.

కాబట్టి పాతదంతా గట్టిది కాదు, కొత్తదంతా నాసిరకమూ కాదు. వస్తువు కొనేటప్పుడు వెల ఒక్కటే అడిగి ఊరుకోరాదు. ఎంత విద్యుత్తు వాడుతుంది? విడిభాగాలు దొరుకుతాయా? ఊళ్లో బాగుచేయగలవారు ఉన్నారా? కొనేవారంతా ఈ మూడూ అడగడం మొదలుపెడితే, చేసేవారు కూడా మన్నే వస్తువులు చేయక తప్పదు.